డిప్లొమా మెకానికల్ రెండో ఏడాది అయిపోవచ్చింది, చేతికి మాత్రం పని రాలేదు. ఏం చేయమంటారు?

మండపేట కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. రెండో ఏడాది ఇంకో నెలలో అయిపోతుంది. పాలీసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. ఇంట్లో కంప్యూటర్స్ తీసుకోమన్నారు, నేనే పట్టుబట్టి మెకానికల్ పెట్టుకున్నాను. కారణం మా నాన్న. ఆయన రైస్ మిల్లులో మెకానిక్. ఏడో తరగతితో చదువు ఆపేశారు. ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్ దగ్గర నిలబడి, స్క్రూడ్రైవర్ మొన బేరింగు హౌసింగ్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని "ఇది ఇంకో పదిహేను రోజులే" అని చెప్పేస్తారు. చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగాను. ఆ పనే చదువుకుని మరీ నేర్చుకోవాలని ఇందులోకి వచ్చాను.

మార్కులు వస్తున్నాయి. చేతికి పని రావడం లేదు. మా వర్క్‌షాపులో ఆరు లేత్‌లు (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మెషిన్లు) ఉంటే నడిచేవి నాలుగు. ఒక్కో దాని దగ్గర ఏడెనిమిది మందిమి. మూడు గంటల ప్రాక్టికల్‌లో హ్యాండ్‌వీల్ నా చేతికి వచ్చేది ఇరవై నిమిషాలు. మొన్న మోడల్ ప్రాక్టికల్‌లో టేపర్ టర్నింగ్ ఇచ్చారు, అంటే గుండ్రటి ముక్కని ఒక చివరకి సన్నబడేలా చెక్కడం. మి.మీ.లలో పెద్ద వ్యాసం 30, చిన్న వ్యాసం 20, పొడవు 50. లెక్క సరిగ్గానే కట్టాను, సగం కోణం 5 డిగ్రీల 43 నిమిషాలు అని పేపర్ మీద రాశాను కూడా. తీరా టూల్‌ని కోణంలో నడిపే కాంపౌండ్ రెస్ట్ తిప్పేటప్పుడు, టేపర్ మొత్తం కోణం పెట్టాలేమో అనిపించి 11 డిగ్రీల పైకి తిప్పేశాను. చిన్న వైపు 20 కూడా దాటి కిందకి దిగిపోతుంటే గానీ తప్పు తెలియలేదు. ముక్క పాడైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు దవడల్ని విడివిడిగా బిగించే ఫోర్ జా చక్‌లో జాబ్ (చెక్కాల్సిన ముక్క) సెంటర్ చేయడం అయితే ఇప్పటికీ రాదు. మా బ్యాచ్‌లో ఎవరో ఒకరు చేసి పెడతారు, మిగతావాళ్లం చూస్తాం.

ఇంట్లో అమ్మ ఈసెట్ కోచింగ్‌లో చేరమంటోంది. ఫ్రెండ్స్ రైల్వే పరీక్షలకి చదువుతున్నారు. నాకేమో మంచి టెక్నీషియన్ అవ్వాలని ఉంది. మూడో ఏడాదిలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంది. ఇప్పటి నుంచి ఏం చేస్తే చేతికి పని వస్తుంది? ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

రాజమండ్రి ఈసెట్

బ్రో, అమ్మగారు చెప్పింది వినడమే మంచిది. నేనూ డిప్లొమా మెకానికలే. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరాను. మా బావ డిప్లొమాతోనే ఉద్యోగంలో చేరాడు, పనిలో చాలా గట్టివాడు. పదేళ్లయినా సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోయాడు, పై పోస్టుకి డిగ్రీ అడిగారు. పని తర్వాతైనా నేర్చుకోవచ్చు, చదువు తర్వాత కుదరదు. డిప్లొమా మీద రైల్వేలో జేఈ (జూనియర్ ఇంజనీర్)కి, అసిస్టెంట్ లోకో పైలట్‌కి కూడా అప్లై చేసుకోవచ్చు కాబట్టి ఆ దారీ మూసేయకు.

గాజువాక ఫిట్టర్

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. టేపర్ దగ్గర ఎక్కడ తప్పావో అంకెలతో సహా రాశావు. మా షాపులోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లలో నేను చూసేది అదే. ముక్క పాడైతే "మెషిన్ బాగోలేదన్నా" అనే వాడికి నేర్పడం కష్టం. "ఇక్కడ ఇలా తిప్పానన్నా" అనే వాడికి ఏడాదిలో పని వచ్చేస్తుంది. కాబట్టి టెన్షన్ పెట్టుకోకు.

నాది ఐటీఐ ఫిట్టర్. రెండేళ్ల కోర్సు, ఒక ఏడాది అప్రెంటిస్. తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఒక జాబ్ వర్క్ షాపులో తొమ్మిదేళ్లు చేశాను. ఇప్పుడు పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నాను, ఇదీ తొమ్మిదో ఏడే. ఐటీఐలో మాకు నెలల తరబడి చేతిలో పెట్టింది ఆకురాయి, హ్యాక్సా, ట్రై స్క్వేర్ (మూల 90 డిగ్రీలు ఉందో లేదో చూసే పనిముట్టు). ఇనప ముక్కని నాలుగు వైపులా చదును చేసి, ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వెలుతురుకి ఎత్తి చూడాలి. అంచు కింద నుంచి సన్నగా వెలుగు కనిపించిందా, మళ్లీ వైస్‌కి బిగించాల్సిందే. అరచేతులు బొబ్బలెక్కేవి. ముందుకు తోసేటప్పుడే బరువు వేయాలని, వెనక్కి తీసేటప్పుడు తేలిగ్గా వదిలేయాలని మాస్టారు చెబితే మొదటి రోజే అర్థమైంది. చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. నువ్వు మెషిన్ దొరకడం లేదంటున్నావు. వైస్, ఆకురాయి అయితే మీ వర్క్‌షాపులో ఖాళీగానే ఉంటాయి. అడిగి వాడుకో.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. షాపులో చేరిన రెండో ఏడాది. ఒక పంపు షాఫ్ట్ వచ్చింది. బేరింగు కూర్చునే చోటు అరిగిపోయింది. వెల్డింగ్ పెట్టి మళ్లీ టర్నింగ్ చేయాలి. బేరింగు 6308, లోపలి వ్యాసం 40 మి.మీ. సీటు కే6 ఫిట్‌లో రావాలి, అంటే బేరింగు కాస్త బిగుతుగా కూర్చునేలా 40.002 నుంచి 40.018 లోపు. షాఫ్ట్ తెచ్చినాయన గుమ్మంలోనే కూర్చున్నాడు, ఐదు నిమిషాలకోసారి లేచి చూస్తున్నాడు. నేను ఫినిష్ కట్ అవగానే మెషిన్ ఆపి మైక్రోమీటర్ పెట్టాను. 40.01. చాలా సంతోషం వేసింది. గబగబా తుడిచి ఇచ్చేశాను.

నాలుగో రోజు షాఫ్ట్ తిరిగొచ్చింది. బేరింగు లోపలి రింగు షాఫ్ట్ మీదే తిరిగి, సీటు మొత్తం నీలంగా కమిలిపోయింది.

మా మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. స్క్రాప్‌లోంచి ఒక ముక్క తీసి చక్‌లో పెట్టి, 40కి టర్న్ చేయమన్నారు. మెషిన్ ఆగగానే కొలిపించి, ఆ అంకె సుద్దముక్కతో హెడ్‌స్టాక్ మీద రాయించారు. "పద, టీ తాగొద్దాం" అన్నారు. అరగంట పోయాక వచ్చి మళ్లీ కొలవమన్నారు. ఒకటిన్నర వంద వంతు (0.015 మి.మీ.) తగ్గింది! ఆ పంపు షాఫ్ట్‌ని నేను చెయ్యి కాలేంత వేడి మీద కొలిచాను. వేడి మీద 40.01 ఉన్నది చల్లారాక 39.99 అయింది. బేరింగు చేత్తో తోస్తే ఎక్కిపోయే సైజు అది. అది బిగించినాయన కూడా ఎక్కింది కదా అనుకుని ఉంటాడు.

ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకి దాదాపు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుందని నేను చదువుకున్నదే. 40 మి.మీ. షాఫ్ట్ 35 డిగ్రీలు వేడెక్కితే ఎంతో లెక్క వేసుకో, 16 మైక్రాన్ల పైనే వస్తుంది. నా టాలరెన్స్ (సైజులో ఉండనిచ్చే తేడా) మొత్తం 16 మైక్రాన్లే. పుస్తకంలో ఆ లెక్క ఉన్నప్పుడు నాకు షాఫ్ట్ గుర్తు రాలేదు, షాఫ్ట్ ముందు ఉన్నప్పుడు లెక్క గుర్తు రాలేదు. నీ టేపర్ దగ్గర జరిగిందీ ఇదే అనుకుంటున్నాను.

(చాలామంది అడుగుతారు, మన ఊళ్లో షాపులోనే 38 డిగ్రీలుంటే కొలత ఎలా అని. గది వేడితో అంత పేచీ లేదు. షాఫ్టూ ఉక్కే, మైక్రోమీటరూ ఉక్కే, రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ ఒకేలా సాగుతాయి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉన్నప్పుడే మోసం వస్తుంది. అందుకే మైక్రోమీటర్‌ని జేబులో పెట్టుకుని తిరగొద్దంటారు.)

ఆ రోజు నుంచి నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ఇప్పుడు ఆరోది నడుస్తోంది. తేదీ, జాబ్, కావాల్సిన సైజు, వచ్చిన సైజు, తేడా వస్తే ఎందుకు వచ్చింది. అంతే రాస్తాను. నువ్వు ఈ రాత్రే మొదలుపెట్టు. మొదటి పేజీలో నీ టేపర్ రాయి. ఇరవై నిమిషాలే మెషిన్ దొరుకుతుందని బాధపడుతున్నావు గానీ, మిగతా రెండు గంటల నలభై నిమిషాలు పక్కవాళ్ల జాబ్‌లు కొలిచి రాసుకోవచ్చు. ఏడుగురి ముక్కలూ అడిగి తీసుకుని కొలువు. ఒకే మెషిన్ మీద, ఒకే డ్రాయింగ్‌కి ఏడు సైజులు ఎందుకు వచ్చాయో ఆలోచించు. ఒకడు టూల్‌ని ముందుకీ వెనక్కీ జరిపే క్రాస్ స్లైడ్ ఎక్కువ తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చి ఉంటాడు, స్క్రూలో ఉన్న ఆట వల్ల సైజు తప్పి ఉంటుంది. ఇంకొకడు మైక్రోమీటర్‌ని, ఒత్తిడి సమంగా ఉంచే రాచెట్ వదిలేసి థింబుల్‌తో నొక్కేసి ఉంటాడు. చూస్తూ నిలబడితే ఇవి కనపడవు.

ఫోర్ జా చక్ గురించి. ముందు చక్ ముఖం మీద గీసి ఉన్న వృత్తాల్ని బట్టి నాలుగు జాలూ సమానంగా పెట్టి, జాబ్ వదులుగా పట్టించు. డయల్ (ముల్లుతో తేడా చూపించే గేజి) ఆనించు. ఒకేసారి నాలుగింటితో కుస్తీ పట్టకు, ఎదురెదురు జాలు రెండే చూడు. ఒకటో జా పైన ఉన్నప్పుడు ముల్లు 40 గీతలు, మూడో జా పైన ఉన్నప్పుడు సున్నా చూపిస్తే, జాబ్ జరగాల్సింది 40 కాదు, 20. తక్కువ చూపించిన వైపు ముందు కాస్త వదులు చేసి, తర్వాతే ఎదుటిది బిగించు. వదులు చేయకుండా బిగిస్తే స్క్రూ మీద బరువు పడుతుంది గానీ జాబ్ కదలదు. ఆ జత అయ్యాక రెండో జత. మళ్లీ మొదటి జతకి రావాలి, అది కాస్త మారి ఉంటుంది. మొదటిసారి గంట పట్టినా ఏమీ కాదు.

ఇక ట్రైనింగ్. ఆ ఆరు నెలలూ ఎక్కడ చేయాలన్నది నీ డిప్లొమాలో తీసుకోబోయే అతి పెద్ద నిర్ణయం. పెద్ద పేరున్న ఫ్యాక్టరీలో ఉత్తరం దొరికితే అందరూ ఎగబడతారు. అక్కడ మంచి డిపార్ట్‌మెంట్ దొరికితే సరే. చాలాసార్లు ట్రైనీలని గేటు లోపల తిప్పి చూపించి, రిపోర్ట్ రాయించి పంపేస్తారు. నా ఎదురుగా అలా రోజులు గడిపి వెళ్లిపోయిన పిల్లల్ని చూశాను, కడుపు తరుక్కుపోతుంది. రిపేర్ పనులు వచ్చే చోటు చూసుకో. ఆటోనగర్ లాంటి చోట రోజుకో రకం జబ్బుతో వస్తువులు వస్తాయి. అరిగిన సీటు, పళ్లు పోయిన గేర్, లోపల తెగిపోయిన బోల్టు. మీ కాలేజీ ఒప్పుకునే జాబితాలో అలాంటి చోటు ఉందేమో ఇప్పుడే వాకబు చెయ్.

డిప్లొమా అయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్ చెయ్యమని నా గట్టి సలహా. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా వాళ్లకి కూడా ఉంది, స్టైపెండ్ ఇస్తారు, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్ ఎన్‌ఏటీఎస్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే ఉంటుంది, ఇంట్లో ఇది ముందే చెప్పి ఒప్పించుకో. పైన బీటెక్ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, డిగ్రీ లేక ఆగిపోయినవాళ్లు నా చుట్టూ ఉన్నారు. ఈసెట్ రాయి. సీటు వస్తే ఆ రోజు ఆలోచించుకో. కానీ ట్రైనింగ్ నెలల్ని కోచింగ్ కోసం మాత్రం వదులుకోకు. ఆ పని నేర్పే నెలలు మళ్లీ దొరకవు.

ఒక్క విషయంలో నువ్వు మాకంటే ముందున్నావు. డ్రాయింగ్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. షాఫ్ట్ ఎక్కడ విరిగిందో నేను చూపించగలను. షాఫ్ట్ వ్యాసం మారే స్టెప్ దగ్గర మూల అంత పదునుగా ఉండటం వల్లే అక్కడ పగులు పుట్టిందని నాకు ఒక డిప్లొమా కుర్రాడే కాగితం మీద గీసి చెప్పాడు. అప్పటి నుంచి స్టెప్ మూలల్లో రేడియస్ (గుండ్రటి మలుపు) లేకుండా వదలడం లేదు.

బాలానగర్ టూల్‌రూమ్

ఫిట్టర్ అన్న చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నేను హైదరాబాద్ బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో నాలుగేళ్ల టూల్ అండ్ డై, అంటే అచ్చులు తయారుచేసే పని, డిప్లొమా చేశాను. 1968లో పెట్టిన సంస్థ అది, టూల్‌రూమ్ పని నేర్చుకోవాలంటే మన దగ్గర మంచి చోటు. పది తర్వాత చేరే కోర్సు నాది. డిప్లొమా అయ్యాక చేరేవి కూడా ఉన్నాయి, తమ్ముడు వాకబు చేసుకోవచ్చు.

సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. నువ్వు ఎక్కడికి వెళ్లినా అది ఉంటుంది, భయపడొద్దు. దానికి ఇచ్చే ఆదేశాలు, అంటే జీ కోడ్‌లు, వారంలో వస్తాయి. రానిది ఏంటంటే, సైజు తప్పినప్పుడు ఏం చేయాలో తెలియడం. మా లేత్‌లో ఎక్స్ విలువ వ్యాసంలో ఉంటుంది. జాబ్ 0.03 పెద్దగా వస్తే వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరుగుదలకి చేసే సవరణ)లో ఎక్స్‌ని 0.03 తగ్గిస్తాం. కొత్తవాళ్లు ఆ అంకె కొట్టేసి సంతోషపడతారు. 0.03 ఎందుకు వచ్చిందో అడగరు. ఇన్‌సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) మొన అరిగిందా, జాబ్ వేడిగా ఉందా, చక్‌లో ఒత్తిడి ఎక్కువై పల్చటి జాబ్ నొక్కుకుపోయిందా? నొక్కుకుపోయి ఉంటే చక్‌లో ఉన్నప్పుడు గుండ్రంగానే కొలుస్తుంది, విప్పగానే మూడు మూలలు తేలుతుంది. మాన్యువల్ లేత్ మీద చేత్తో పని చేసినవాళ్లకే ఇది తడుతుంది. కాబట్టి మీ కాలేజీలో పాత లేత్‌లే ఉన్నాయని చిన్నచూపు చూడకు.

మీ క్లాసులో అమ్మాయిలు ఉంటే ఈ థ్రెడ్ చూపించు. నేను చేరిన కొత్తలో ఒక ఇంటర్వ్యూలో నా జాబ్ సంగతి అడగలేదు, పెళ్లెప్పుడు అని అడిగారు. బాధపడ్డాను, బయటికొచ్చి ఇంకో చోట వెతుక్కున్నాను. ఇప్పుడు నేను సెట్ చేసిన అచ్చుల మీద రోజూ ప్రొడక్షన్ నడుస్తోంది.

మండపేట కుర్రాడు

అన్నా, అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఫిట్టర్ అన్న పోస్టు నాన్నకి చదివి వినిపించాను. షాఫ్ట్ నీలంగా కమిలిందన్న చోట "ఆ, అంతే" అన్నారు. మిల్లు పక్కనే ఒక లేత్ షాపు ఉంది, సెలవుల్లో పొద్దున్నే వెళ్లి నేర్చుకోవడానికి నాన్న మాట్లాడారు. నాన్న పని దగ్గర కూడా నేర్చుకోవాలని ఉంది. అక్కడ ఏం చూడాలి?

గాజువాక ఫిట్టర్

నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

నాన్నగారు చెవి పెట్టి చెప్పిన ప్రతిసారీ రాసుకో. ఏ బేరింగు, ఏ చప్పుడు, ఎన్ని రోజులన్నారు, నిజంగా ఎన్ని రోజులు నడిచింది. విప్పేసిన పాత బేరింగుల్ని పారేయనివ్వకు. కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండర్‌తో బయటి రింగు కోయించి లోపల చూడు. రింగు మీద పొలుసులు లేచింది ఒకే చోటా, చుట్టూతానా? బాల్స్ నడిచిన దారి తిన్నగా ఉందా, వాలుగా ఉందా? వాలుగా ఉంటే షాఫ్ట్, హౌసింగ్ ఒకే వరసలో లేవన్నట్టు. గ్రీజులో ఊక దుమ్ము కలిసి నల్లబడి ఉంటే అది ఇంకో కథ, మిల్లుల్లో అదే ఎక్కువ. నాన్నగారి చెవికి తెలిసినదాన్ని నీ కంటితో చూస్తావు.

లేత్ షాపుకి వెళ్తున్నావు కాబట్టి ఇవి మాత్రం గట్టిగా చెబుతున్నాను. లేత్ మీద గ్లవ్స్ వేసుకోకు, తిరిగే జాబ్ గ్లవ్స్‌ని పట్టిందంటే చెయ్యి కూడా పోతుంది. చక్ తాళం చక్‌లో వదిలేయకు, చేతిలోంచి దించితే దాని చోటు స్టాండే. ఇనప చుట్టల్ని చేత్తో లాగకు, కొక్కెంతో తియ్. మిల్లులో బెల్టు దగ్గర చెయ్యి పెట్టాలంటే మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి నీ జేబులో వేసుకో. "నేను చూస్తుంటాలే" అని ఎవరన్నా వినకు. మా షాపులో ఒకాయనకి రెండు వేళ్లు లేవు. ఆయన నాకు మొదటి రోజు చేసిన పాఠం ఇదే.

మండపేట కుర్రాడు

అన్నా, పదహారు రోజులైంది. రోజూ పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది దాకా లేత్ షాపులో ఉంటున్నాను. మొదటి వారం ఊడ్చడం, చుట్టలు ఎత్తడం, కొలతలు రాయడం. తర్వాత ఫోర్ జా ఇచ్చారు. మొదటి రోజు గంటా పది నిమిషాలు పట్టింది, డయల్ ముల్లు ఊపు 0.15 మి.మీ. కంటే తగ్గలేదు. నిన్న ఇరవై ఐదు నిమిషాల్లో 0.04కి తెచ్చాను. మీరన్నట్టే రెండో జత అయ్యాక మొదటి జత మారుతోంది. నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు అయ్యాయి. మొదటి పేజీలో టేపర్ ఉంది.

నాన్న ఏడో నంబర్ ఎలివేటర్ కింది బేరింగు ఇరవై రోజులు అన్నారు, నాలుగో తారీకు రాసుకున్నాను. ఇంకా నడుస్తోంది. అమ్మతో మాట్లాడాను, ట్రైనింగ్ అయ్యాకే ఈసెట్ సంగతి అని ఒప్పుకుంది.

ఇవాళ ఫేసింగ్ (ముక్క ముఖం చదును చేయడం) చేసిన ముక్క ఫొటో పెడుతున్నాను. సైజు సరిగ్గా వచ్చింది, చూసి చెప్పండి.

గాజువాక ఫిట్టర్

చూశాను తమ్ముడూ. సెంటర్ చేసింది బాగుంది. ఫొటో పెద్దది చేసి ముఖం మధ్యలో చూడు, చిన్న బొడిపె మిగిలి ఉంది. టూల్ మొన సెంటర్ కంటే కాస్త కింద ఉంది. లేత్ రెండో చివరనున్న టెయిల్‌స్టాక్ సెంటర్ దగ్గరికి తెచ్చి మొన సరిచూసుకో, టూల్ కింద పల్చటి రేకు ముక్క పెట్టి లేపు. రేపు పొద్దున్న మళ్లీ ఫేసింగ్ చేసి ఇంకో ఫొటో పెట్టు.